ఇసుక దోవకు మంచు బ్లేడు

పోయిన వారం పక్క ఊరి నుంచి ఒకాయన వచ్చి, నా జీపు ముందు గొంతుక్కూర్చుని, దానికి తగిలించిన ఇసుక తోసే బ్లేడు మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, "ఏంది న్నా, ఇది డబ్బా రేకు మాదిరి మోగుతాంది" అన్నాడు. రేకే మరి. పాత నీళ్ల ట్యాంకరు నుంచి కోసిన 4 ఎంఎం రేకు. ఆయనకు 10 ఎంఎం ప్లేటుతో 8 అడుగుల బ్లేడు కావాలట, వెనక ఐ-బీము వేసి వెల్డింగ్ చేస్తే పదేళ్లు కదలకుండా ఉండాలట. ఆయనదీ నా మాదిరి పాత ఫోర్ వీలు జీపే, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ తోపు అందేది. గంటసేపు వాదించాను. రెండు టీలు తాగాడు, అంతా విన్నాడు, చివరికి "నువ్వు చెప్పేది బాగుండాది గానీ న్నా, గట్టిగుంటే గట్టిదే కదా" అని తువ్వాలు దులుపుకుని లేచి పోయాడు.

ఆ మాటకు అక్కడికక్కడే నాకు జవాబు తట్టలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. అప్పటికి ఆయన లేడు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

హగరి (వేదావతి) ఏటి ఇసుక గురించి ఈ బ్లాగులో ఇంతకుముందే రాశాను, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోను. మా అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు వైపు వాళ్లకు అసలు చెప్పే పనే లేదు. ఆషాఢంలో పడమటి గాలి లేచిందంటే ఏట్లో ఇసుక మా రస్తాల మీదికి నడిచి వస్తుంది. దర్గా హొన్నూరు, గోవిందవాడ దగ్గర దిబ్బలు చూడడానికి బయటి ఊళ్ల నుంచి వచ్చి ఫొటోలు తీసుకుపోతారు. ఆ ఫొటోల్లో అందంగా కనిపించేదే మా తోటకు పోయే దోవలో తెల్లారేసరికి మోకాలి లోతు పడి ఉంటుంది. పాల క్యాను మోసుకుని దాంట్లో నడిచి చూడండి, అందం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇదివరకు జేసీబీని పిలిచేవాళ్లం. అది వచ్చి గంట పని చేసి పోయేది, నాలుగు రోజులకు మళ్లీ మామూలే. గంటకు పన్నెండు వందలు, రావడానికి పోవడానికి వేరే. అన్నిటికంటే బాధేమిటంటే గాలి సీజన్‌లో అందరికీ ఒకేసారి కావాలి, మన వంతు వచ్చేసరికి తోటలో చీనీ కాయలు లారీ కోసం ఎదురుచూస్తుంటాయి.

అట్లాంటి రోజుల్లో మా అక్క కొడుకు అమెరికాలోని మిన్నెసోటా నుంచి ఒక వీడియో పంపాడు. వాళ్ల పక్కింటి పెద్దాయన సైడ్ బై సైడ్ అనే చిన్న నాలుగు చక్రాల బండికి ముందు బ్లేడు తగిలించుకుని, ఇంటి ముందు పడిన మంచును పావుగంటలో పక్కకు నెట్టేసి లోపలికి పోయి కాఫీ తాగుతున్నాడు. రోజూ పొద్దున అదే పనట. నాకు మంచు కనబడలేదు, మా రస్తానే కనబడింది. పెద్ద మిషన్ తెచ్చి నెలకోసారి తవ్వడం కంటే, చిన్నది మన దగ్గరే పెట్టుకుని రోజూ కాస్త తోసుకోవడం మేలు కదా అనిపించింది. ఆ ఆలోచన తప్పు కాదని ఇప్పటికీ అంటాను. తప్పు జరిగింది తర్వాత.

మొదటి బ్లేడు, సర్వే రాయి

వీడియోలో బ్లేడు వెనక నాలుగు స్ప్రింగులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రాయదుర్గంలో వెల్డింగ్ షాపు సాహెబు ఫోను దగ్గరికి లాక్కుని చూసి "ఇవేంటికి సార్?" అని అడిగాడు. నేను పెద్ద తెలిసినవాడి మాదిరి చెప్పాను: వాళ్లది మంచు, మెత్తగా ఉంటుంది, స్ప్రింగులతో సరిపోతుంది. మనది ఇసుక, బరువు, మనకు గట్టిగా ఉండాలి. ఆయన సరే అన్నాడు. 8 ఎంఎం ప్లేటు, 6 అడుగులు, వెనక రెండు సీ-చానళ్లు, చానళ్లను తెచ్చి నేరుగా ముందు బంపరు పక్కన ఛాసిస్ కొమ్ములకు, అంటే బండి అడుగు చట్రం ముందు కొసలకు, బోల్టులతో బిగించాం. చూడడానికి ఎంత ముచ్చటగా ఉండిందంటే, ఊళ్లోకి వచ్చేటప్పుడు పిల్లలు వెనకాల పరిగెత్తారు. పోయిన వారం వచ్చినాయన కోరుకునే బ్లేడు దాదాపు అదే. అందుకే నాకు అంత ఉక్రోషం.

పదకొండు రోజులు పనిచేసింది. పన్నెండో రోజు లో గేరులోనే పోతున్నా, గంటకు పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఇసుక కింద రీసర్వేలో నాటిన హద్దు రాయి ఉంది. అది అక్కడుందని నాకు తెలుసు. ఇసుక ఎత్తు పెరిగి రాయి మునిగిపోయింది కాబట్టి అది ఎన్ని అడుగుల ఇవతల ఉందో మాత్రం తెలియలేదు. బండి ఒక్కసారిగా ఆగిపోయింది, నేను ఆగలేదు. ఛాతీ స్టీరింగ్‌కు తగిలి రెండు వారాలు దగ్గితే నొప్పి. కిందికి దిగి చూస్తే బ్లేడుకు గీత కూడా పడలేదు. ఛాసిస్ ముందు కొమ్ములు రెండూ వంకర పోయాయి, రేడియేటర్ వెనక్కి జరిగి ఫ్యాను రెక్కలు దానికి రాసుకుంటున్నాయి.

రాయి మాత్రం విరిగింది. ఆ గెట్టు అవతల చేను మా చిన్నాయన వరస ఆయనది. "రాయి ఇరగ్గొట్టి గెట్టు జరుపుదామనుకుంటివా అబ్బోడా?" అని రచ్చకట్ట దగ్గర అందరిముందూ అడిగాడు. ఆయన నవ్వుతూనే అడిగాడు గానీ, మా వైపు గెట్టు గురించి నవ్వుతూ అడిగేది కూడా నవ్వులాట కాదు. సర్వేయరును పిలిపించి, కొలిపించి, మళ్లీ రాయి నాటించే వరకు నాకు నిద్ర లేదు.

అక్క కొడుక్కి ఫోన్ చేసి, ఆ స్ప్రింగులు దేనికో మీ పక్కింటాయనను అడుగు అన్నాను. పాపం వాడు ఆ చలిలో ఫోను పట్టుకుని బ్లేడు వెనకాల వంగి వీడియో తీసి పంపాడు. "మామా, ఇది కింద దేనికైనా తగిలితే ముందుకు తల వంచి దాని మీదినుంచి ఎక్కి పోతుందంట, పోయినాక మళ్లీ స్ప్రింగులు నిలబెడతాయంట. దీన్ని ట్రిప్ అంటారంట." అంటే మంచు మెత్తగా ఉందని పెట్టిన స్ప్రింగులు కావవి. మంచు కింద ఏముందో కనబడదని పెట్టినవి. ఇసుక కింద ఏముందో మాత్రం ఎవరికి కనబడుతుంది?

గట్టిగుంటే గట్టిదే కదా

ఇప్పుడు ఆయనకు ఇవ్వాల్సిన జవాబు. మన బోరు స్టార్టర్ పెట్టెలో ఫ్యూజు ఉంటుంది. లోడు ఎక్కువైతే ఆ సన్న తీగ కాలిపోతుంది, మోటారు మిగులుతుంది. తరచూ కాలిపోతోందని విసుగొచ్చి మందపాటి తీగ చుట్టినవాళ్లు మా ఊళ్లో సగం మంది ఉంటారు. వాళ్ల తీగ ఎప్పుడూ కాలలేదు, మోటారు వైండింగే కాలింది. నా మొదటి బ్లేడు ఆ మందపాటి తీగే. అది వంగలేదు, విరగలేదు. వచ్చిన దెబ్బను ఉన్నదున్నట్టు ఛాసిస్‌కు, నా ఛాతీకి, చిన్నాయన రాయికి పంచిపెట్టింది. దెబ్బ ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అది ఎక్కడ ఖర్చు కావాలో బ్లేడు చేయించేటప్పుడే మనం తేల్చుకోవాలి, తేల్చుకోకపోతే బండిలో అన్నిటికంటే బలహీనమైన చోటును అదే వెతుక్కుంటుంది. బ్లేడు చేయించడంలో అసలు లెక్క ఇదొక్కటే అంటాను. వెడల్పు, మందం, రంగు అన్నీ దీని తర్వాతే.

(ఆయన స్టార్టర్ పెట్టెలో ఏ తీగ ఉందో కూడా నాకు తెలుసు. అది ఇక్కడ రాయను.)

అయితే ఇక్కడ నాకే ఒక అనుమానం వచ్చింది, అది చిన్నది కాదు. మంచుకు సరిపోయే స్ప్రింగు ఇసుకకు సరిపోతుందా? కాగితం మీద లెక్క వేశాను. కొత్తగా పడిన పొడి మంచు ఘనపు మీటరుకు వంద కిలోలు కూడా తూగదు. పొడి ఇసుక టన్నున్నర దాటుతుంది. అయిదున్నర అడుగుల వెడల్పు, అడుగుంపావు ఎత్తున్న బ్లేడు ముందు కుప్ప నిండితే ఇసుక అయితే దాదాపు పావు టన్ను. అదే కుప్ప మంచుదైతే పదిహేను, ఇరవై కిలోలు. ఆ పక్కింటాయన బ్లేడు తెచ్చి మా రస్తాలో దించితే, రాయి అక్కర్లేదు, ఇసుకకే తల వంచేసి ఊరికే దాని మీద పాకుతూ పోతుంది. కాబట్టి సాహెబుతో నేను మొదట చెప్పింది పూర్తిగా తప్పు కాదు, సగం నిజం. ఆ సగం నిజమే నన్ను ముంచింది.

దానికి మేం చేసింది ఇది. గూడ్స్ ఆటో షాకప్ స్ప్రింగులు మూడు, గుజిరీ (పాత ఇనుము) అంగడిలో తూకానికి కొన్నాం. బ్లేడు కింద భాగానికి అర అడుగు పైన పిన్నుల మీద అది ముందుకు వంగేటట్టు పెట్టి, వెనక నుంచి మూడు రాడ్లు, ఒక్కో రాడ్డు మీద ఒక్కో స్ప్రింగు, చివర నట్టు. నట్టు బిగించే కొద్దీ బ్లేడు మొండికేస్తుంది, వదిలే కొద్దీ లొంగుతుంది. మూడు రోజులు ఇదే పని. అరచుట్టు బిగించడం, కుప్ప నిండా తోయడం, తల వంచితే ఇంకో అరచుట్టు. కుప్ప నిండినా నిలబడింది అనుకున్నాక, ఒక బండరాయిని సగం పాతి పైన ఇసుక కప్పి, మనిషి నడిచే వేగంతో దాని మీదికి పోయాం. మొదటిసారి నా కాలు క్లచ్ మీదే ఉంది, పోయిన ఏడాది దెబ్బ ఛాతీకి ఇంకా గుర్తుంది. టక్కుమని తల వంచి రాయిని దాటి మళ్లీ లేచి నిలబడింది. సాహెబు "నమస్కారం పెడతాండాది సార్" అన్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో దాని పేరు నమస్కారం బ్లేడే.

వెడల్పు ఆశ

ఎనిమిది అడుగుల మోజు నాకూ ఉండింది కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఒక్క దెబ్బకు దోవంతా శుభ్రం అయిపోతుందని ఆశ. పై లెక్కే ఇంకొంచెం ముందుకు వెయ్యండి. 8 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు బ్లేడు నిండా ఇసుక అంటే దాదాపు టన్ను. జీపు బరువే టన్నున్నర లోపు. ఇసుక మీద నిలబడిన టైర్లతో తన బరువుకు దగ్గర దగ్గరగా ఉండే కుప్పను అది తోయలేదు, నాలుగు చక్రాలూ తిరిగి అక్కడే గోతులు తవ్వుకుంటుంది. అంటే ఆ బ్లేడు ఎన్నడూ సగం కూడా నిండదు. నింపలేని గంపను రోజూ మోసుకు తిరగడం ఎందుకు? 10 ఎంఎం ప్లేటు ఆ కొలతకు, చానళ్లు ఏమీ లేకుండా ఒట్టి ప్లేటే, 115 కిలోల పైమాటే. అది ముందు ఇరుసుకు మూడడుగుల ముందు వేలాడుతుంది. త్రాసులో కొసకు వేలాడే బరువు ఎట్లా పనిచేస్తుందో అట్లా, ముందు ఇరుసు మీద తన బరువు కంటే ఎక్కువ పడుతుంది, ఆ ఎక్కువంతా వెనక చక్రాల మీద నుంచి తీసుకున్నదే. వెనక చక్రాలు తేలిపోతే ఫోర్ వీలు పేరుకు మాత్రమే. ట్యాంకరు రేకుతో చేసిన నా ప్లేటు పాతిక కిలోలు కూడా లేదు. అయినా వెనక రెండు బస్తాల ఇసుక వేసుకునే పోతాను. ఇసుకను తోయడానికి ఇసుకనే తోడు తీసుకుపోవడం మా ఆవిడకు ఎప్పుడూ నవ్వు తెప్పిస్తుంది.

వెడల్పు మరీ తక్కువైనా కష్టమే. బ్లేడును ఏటవాలుగా తిప్పితే గానీ ఇసుక పక్కకు పోదు, తిప్పితే దాని వెడల్పు తగ్గుతుంది. నా జీపు టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు 58 అంగుళాలు. 66 అంగుళాల బ్లేడును పాతిక డిగ్రీలు తిప్పితే 60 అంగుళాల దోవ పడుతుంది, టైర్లకు రెండంగుళాల జాగా. అంతకంటే ఎందుకు? ఇంకో పక్కకు ఇంకోసారి రావాలి, రస్తా పొడవు నాలుగు వందల గజాలు, వచ్చేదీ మన బండే.

పట్టు ఎక్కడ

బంపరుకు బిగించడం నా రెండో తప్పు, దీన్ని కూడా ఆ వచ్చినాయన చేయబోతున్నాడు. బంపరు ఎత్తులో ఉంటుంది, బ్లేడు నేల మీద ఉంటుంది, రెండిటినీ కలిపే చేతులు ఏటవాలుగా కిందికి దిగుతాయి. తోసేటప్పుడు ఆ ఏటవాలు చేతులు బ్లేడును నేలలోకి గుచ్చుతాయి, అదే సమయంలో బండి మూతిని పైకి ఎత్తుతాయి. ముందు చక్రాల మీద బరువు ఉండాల్సిన క్షణంలోనే ఉండదు, స్టీరింగ్ ఎటు తిప్పినా బండి తన దోవన పోతుంది. ఇది నాకు చదివితే తెలియలేదు, రెండుసార్లు కంపచెట్లలోకి పోయాక తెలిసింది. ఇప్పుడు చేతులు పొడవు చేసి, ముందు ఇరుసు దాటించి, గేరుబాక్సు కింద అడ్డంగా ఉండే చానల్ దగ్గర పిన్నులతో పట్టు ఇచ్చాం. దాదాపు నేలకు సమాంతరంగా ఉంటాయి. తోపు బండి నడుముకు తగులుతుంది, మూతికి కాదు.

పిన్నులతోనే అని గట్టిగా చెబుతున్నా, వెల్డింగ్ వద్దు. పది నిమిషాల్లో బ్లేడు ఊడి రావాలి. రోడ్డు మీద తిరిగే బండిని, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి తేడా వచ్చేట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లో 52వ సెక్షన్ చెబుతుంది. నా బ్లేడు తోట షెడ్డులోనే ఉంటుంది, రస్తా దాటి తారు రోడ్డు ఎక్కదు.

విన్చి, అంటే మోటారుతో తాడు చుట్టుకునే మిషన్, దాని గురించి రెండు మాటలు. బ్లేడు ఎత్తడానికి దించడానికి 12 వోల్టుల ఎలక్ట్రిక్ విన్చి పెట్టాను. మొదటి నెలలోనే తాడు తెగింది. బండిని బురదలోంచి లాగేటప్పుడు తాడంతా విప్పి వాడతాం, ఇక్కడ మాత్రం రోజుకు వందసార్లు అదే రెండడుగుల ముక్క అదే చోట చుట్టుకుంటుంది, విప్పుకుంటుంది. మిన్నెసోటా పెద్దాయన దానికి ఒక పట్టీ ముక్క వాడతాడట. నేను లారీ లోడు కట్టే బెల్టు ముక్క వేశాను, ఏడాదికి ఒకటి మార్చడమే. బ్యాటరీ కూడా దిగిపోయేది. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా విన్చి నొక్కితే అది గుంజుకునే కరెంటు ముందు డైనమో ఇచ్చేది ఏ మూలకూ రాదు. ఇప్పుడు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి నొక్కుతాను.

గుజిరీలో దొరికినవి

కింది అంచు గురించి చాలా ఆలోచించాను, బహుశా అవసరం కంటే ఎక్కువ. ఇనుప అంచు నేరుగా నేలకు ఆనితే ఇసుకతో పాటు రస్తా మీద మేం డబ్బు పెట్టి పోయించిన గరుసు కూడా గీరుకుపోతుంది. మొదటి బ్లేడు అట్లా సగం గరుసును చేలోకి నెట్టింది. అమెరికాలో కంకర దోవల వాళ్లకూ ఇదే గొడవట, బ్లేడు రెండు చివర్లా స్కిడ్ షూలు అనే ఇనుప పాదాలు పెట్టి అంచును నేలకు అంగుళం ఎత్తులో తేల్చుతారు. ఆ పాదాలు అరచేయంతే ఉంటాయి. మా ఇసుకలో అవి దిగబడిపోయాయి. అప్పుడు మా పెద్దాయన, అంటే నాన్న, షెడ్డులో మూలన పడి ఉన్న పాత డిస్క్ హారో (మట్టి గడ్డలు పగలగొట్టే ట్రాక్టరు పనిముట్టు) పళ్లేలు చూపించాడు. బోర్లా వేస్తే అచ్చం తాబేలు వీపు. రెండు పళ్లేలను బోర్లించి పెట్టాం, ఇసుక మీద పడవ మాదిరి జారుతాయి. ఈ మొత్తం వ్యవహారంలో నాకంటే మెరుగైన ఆలోచన అదొక్కటే, అది నాది కాదు.

అంచుకు లారీ కమాను పట్టా వాడాం. స్ప్రింగు ఉక్కు, త్వరగా అరగదు. దాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు పక్కన పగులుతుంది, సాహెబు ముందే చెప్పాడు, అందుకే బోల్టులు. దాని కింద, గాలి సీజన్ మొదట్లో ఇసుక పల్చగా ఉన్నప్పుడు, బోరులోకి దించే నల్ల పైపును నిలువునా చీల్చి అంచుకు తొడిగేస్తాను. గుండ్రంగా ఉంటుంది కాబట్టి గరుసును గుచ్చదు. పైభాగాన బళ్లారి గుజిరీలో దొరికిన కన్వేయర్ బెల్టు ముక్క, గనుల నుంచి వచ్చింది. ఎదురుగాలిలో ఇసుక ఎగిరి ముఖాన పడకుండా అది అడ్డం. మంచు వాళ్లు కూడా ఇట్లాంటి రబ్బరే కడతారు.

మొత్తం విన్చితో కలిపి నలభై ఆరు వేలు అయింది. మొదటి బ్లేడుకు పెట్టిందీ, ఛాసిస్ సరిచేయించిందీ దాంట్లో లేదు. క్లచ్ ప్లేటు ఒకసారి మార్చాను, అదీ లేదు. వీటిని లెక్కలో కలిపితే జేసీబీ కంటే లాభం వచ్చేది నాలుగో ఏడుకి. నిజాయితీగా చెప్పాలి కదా.

ట్రాక్టరు ఉండగా జీపెందుకు?

ఈ ప్రశ్న ప్రతి ఒక్కరూ అడుగుతారు. ట్రాక్టరు వెనక లిఫ్టు ఉంటుంది, వెనక బ్లేడు ఊరూరా దొరుకుతుంది. మడి చదును చేయడానికి దానికి సాటి లేదు, ఒప్పుకుంటా. మోకాలి లోతు ఇసుకలో మాత్రం వెనక బ్లేడు అంటే ముందు చక్రాలు ఇసుకలో పడ్డాక, వెనక చక్రాలూ దాన్ని తొక్కాక, అప్పుడు బ్లేడు వస్తుంది. ముందు బ్లేడు తన దోవ తాను చేసుకుంటూ పోతుంది. ఇక జీపుకు ఈ పని కొత్తేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళ 1945లో అమెరికాలో విల్లీస్ కంపెనీ సీజే-2ఏ జీపును బయటికి తెచ్చింది రైతులను చూసే, దున్నుకోవచ్చు, మిషన్లు తిప్పుకోవచ్చు అని. 1947 నుంచి మహీంద్రా వాళ్లు మన దగ్గర బిగించిన విల్లీస్ జీపులకు మనం మనుషులను వేలాడేసి సంతలకు తిప్పాం, అదొక్కటే తేడా.

నా వాదం చెల్లని చోటు కూడా ఉంది. రెండు వానలు పడి ఇసుక గట్టిపడి, పైన పెచ్చు కట్టిందంటే నమస్కారం బ్లేడు ఉత్త నమస్కారాలే పెడుతుంది. దాన్ని పగలగొట్టడానికి బరువు కావాలి, గట్టితనం కావాలి. హిమాలయాల్లో రోహ్‌తంగ్ కనుమ దగ్గరా జోజిలా కనుమ దగ్గరా మంచు గోడలు కోసే బీఆర్‌ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) వాళ్లు బుల్డోజర్ల మాదిరి పెద్ద మిషన్లతో పని చేస్తారు, అక్కడికి పోయి స్ప్రింగుల కథ చెబితే నవ్వుతారు. బుల్డోజరుకు దెబ్బను తట్టుకునే ఒళ్లుంది, నా జీపుకు లేదు. అందుకే వాన పడిన వారంలో నేనూ సిగ్గు లేకుండా జేసీబీకి ఫోన్ చేస్తాను.

తోసింది ఎక్కడికి పోతుంది

ఇంకో మాట, ఇది బ్లేడు కంటే పెద్దది. మంచుకు ఒక దయ ఉంది, ఎండ కాస్తే కరిగిపోతుంది. మన ఇసుక ఏ పండక్కీ కరగదు. మొదటి ఏడాది నేను గాలి వచ్చే పక్కకే, పడమటికే తోసి గట్టు పెట్టాను, అడ్డంగా ఉంటుందిలే అని. ఆ గట్టు దాటిన గాలి ఊపు తగ్గి, మోసుకొచ్చిన ఇసుకనంతా సరిగ్గా దోవలోనే దించేసింది. మంచు దేశాల్లో రోడ్డు పక్క గట్లతో ఇదే జరుగుతుంది, అందుకే వాళ్లు రోడ్డుకు ఆనించకుండా దూరంగా, కంచె ఎత్తుకు ముప్పై అయిదు రెట్ల దూరంలో, సందులున్న కంచెలు కడతారు. సందుల్లోంచి గాలి పోతుంది, అది మోసుకొచ్చిన మంచు అక్కడే దిగుతుంది. ఇప్పుడు నేను తూర్పు పక్కకే తోస్తాను, పడమట నలభై గజాల అవతల కంపతో పల్చగా నాలుగడుగుల ఎత్తు వరస కట్టాను. నిజం చెప్పాలంటే ఆ కంప వచ్చాక బ్లేడు పని సగానికి తగ్గింది. నలభై ఆరు వేలకు ముందే కంప కొట్టి ఉంటే అని నాన్న ఇప్పటికీ అంటాడు. నేను వినబడనట్టు ఉంటా.

తోసిన ఇసుక ఊరికే కుప్పగా ఉండడంతో ఇంకో తంటా. ఒక సాయంత్రం ఇద్దరు బైకు మీద వచ్చి, జీపు చూసి, బ్లేడు చూసి, కుప్పలు చూసి, "ఏమప్పా, ఎన్ని లోడ్లు తోలినావు?" అన్నారు. ఇసుక పోగేసి అమ్ముతున్నానని ఎవరో చెప్పారట. నేను మొదటి నుంచి చెప్పుకొచ్చాను, మిన్నెసోటా దగ్గర మొదలుపెట్టి. మిన్నెసోటా అనగానే వాళ్ల అనుమానం ఇంకా పెరిగింది. చివరికి చిన్నాయనే వచ్చి కాపాడాడు, "వీడు అమ్మేంత తెలివైనోడు కాదు సార్, రాళ్లు ఇరగ్గొట్టుకుంటాంటాడు" అని.

నిన్న రాయదుర్గం నుంచి సాహెబు ఫోన్ చేశాడు. ఆ పక్క ఊరాయన వచ్చి 8 అడుగులు, 10 ఎంఎం ఆర్డర్ ఇచ్చి పోయాడట, అడ్వాన్సు కూడా. బంపరుకే బిగించమన్నాడట, స్ప్రింగుల మాట ఎత్తితే "ఆ ఆటోవాళ్ల సామాన్లు నాకొద్దు" అన్నాడట. నేను పోతే పోనీలే అన్నాను. సాహెబు కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత గొంతు తగ్గించి, "చేతుల మధ్యలో ఒక అతుకు పెట్టి, గట్టి బోల్టు బదులు మెత్తటి ఇనుము పిన్ను కొడతాండా సార్. రాయి తగిలితే అది తెగిపోతాది, ఇరవై రూపాయలు. ఆయప్పకు చెప్పొద్దండి" అన్నాడు.

చెప్పనన్నాను. ఆయన బ్లాగులు చదివే రకం కాదు.